ముంపు తాకిన హార్మోనియం, పదహారు మాత్రల పల్లవి

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు, పాతబస్తీలోని మా ఇంట్లో మంచం కింద ఉన్న నాన్నగారి హార్మోనియం నీళ్ళలో మునిగిపోయింది. పక్కింటి మేడ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న మేము, వరద తీసిన తరువాత ఇంట్లోకి వచ్చి చూస్తే మోకాటి లోతు బురద ఉంది. అమ్మ బియ్యం డబ్బాలు, మా చదువుల సర్టిఫికెట్లు వెతుకుతూ ఉంటే, నాన్న మాత్రం ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో నొక్కే మెట్ల మధ్య ఇరుక్కున్న ఒండ్రును పొరక పుల్లతో తీస్తూ కూర్చున్నారు. గాలితిత్తి అట్ట ఉబ్బి విడిపోయింది, చెక్క చీలింది, లోపలి తోలు కుళ్ళిపోయింది. స్వరం పలికే ఇత్తడి రీడ్లు మాత్రం పచ్చగా చిలుము పట్టి, అలాగే నిలిచి ఉన్నాయి.

నాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. పగలు మిల్లులో లెక్కలు రాసి, జాతరల కాలంలో రాత్రిళ్ళు పల్లెలకు వెళ్ళి తెల్లవారి బస్సులో తిరిగి వచ్చేవారు. ఆయన పోయిన తరువాత ఆ పెట్టెను పాత సామాను కింద కొంటామని ఒక దుకాణం వారు అడిగారు. అమ్మ ఇవ్వలేదు. నేను దానిని ముట్టుకోనూ లేదు. ముట్టుకోకపోవడానికి నాకు నా కారణం ఉంది. ఆరవ తరగతిలో ఉండగా పాఠశాల వార్షికోత్సవంలో బృందగానానికి నన్ను నిలబెట్టి, సాధన మొదలైన మూడవ రోజున "నీవు పాడవద్దు, పెదవులు మాత్రం కదుపు" అని పంతులమ్మ చెప్పారు. ఆ మాట చెప్పినవారికి ఆ సాయంత్రానికే మరుపు వచ్చి ఉంటుంది. నేను మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా, దేవుడి ముందు మంగళహారతి పాడేటప్పుడు కూడా, పెదవులు మాత్రమే కదిపాను.

నేను ఉన్నత పాఠశాలలో గణితం చెప్తాను. సంగీతం నేర్చుకుందామని నలభై మూడవ ఏట నిర్ణయించుకున్నప్పుడు నా కోరిక పాడటం కాదు, పాటలు రాయడం. అప్పటికే ఒక నోటుబుక్కు నిండా రాసి ఉంచుకున్నాను. వాటికి ఎవరైనా బాణీ కడితే చాలు, అవి పాటలైపోతాయని నమ్మాను. ఆ నోటుబుక్కుతో నేను వెళ్ళినది నాన్నతో కలిసి నాటకాలు ఆడించిన ఒక పెద్దాయన దగ్గరికి. మా వైపు గురువును అయ్యవారు అంటాము, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన నా నోటుబుక్కు తెరవలేదు. "మీ నాయన పెట్టె ఏమైంది టీచరమ్మా?" అని అడిగారు. ఉన్నదని చెప్పాను. "ముందు దాన్ని బాగుచేయించల్ల. ఆ పని అయినంక రా" అన్నారు.

బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది. హార్మోనియాలు బాగుచేసే ఒక వడ్రంగి పెట్టెను నా ఎదుటే విప్పారు. అది మూడు స్థాయిల (స నుండి పై స దాకా ఒక స్థాయి) పెట్టె, 37 మెట్లు. ప్రతి మెట్టు కింద ఒక ఇత్తడి పలక, ఆ పలకకు కోసిన సన్నని సందులో ఒక కొసన మాత్రమే బిగించిన ఇత్తడి నాలుక. గాలి ఆ సందులోంచి పోయేటప్పుడు నాలుక కంపిస్తుంది, ఆ కంపనమే స్వరం. శృతి తగ్గిన నాలుకను కొస దగ్గర కొద్దిగా గీకితే అది తేలికై స్వరం పైకి వస్తుంది, మొదలు దగ్గర గీకితే మెత్తబడి స్వరం కిందికి దిగుతుంది. ఒక్కొక్క గీతకూ ఆగి, ఊది, విని, మళ్ళీ గీకే ఆ మనిషి చేతులను చూస్తూ రెండు మధ్యాహ్నాలు నేను అక్కడే కూర్చున్నాను. అన్ని రీడ్లూ పలికాయి, తారస్థాయిలోని ఒక్క మెట్టు తప్ప. దానిని నొక్కితే ఇప్పటికీ స్వరం కంటె ముందు గాలి శబ్దం వస్తుంది. కొత్త రీడు వేస్తానని ఆయన అన్నప్పుడు వద్దన్నాను.

మొదటి నెల అయ్యవారు నా చేత స్వరాలు వాయింపించలేదు. ఒకే మెట్టు నొక్కి పెట్టి, ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ, ఆ స్వరం పెద్దదీ చిన్నదీ కాకుండా సమంగా వచ్చేలా చేయమన్నారు. ఇది చూడటానికి పనే కాదనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. తిత్తి మూసుకునే చివర గాలి పలుచబడి స్వరం వాలుతుంది, తెరిచి మళ్ళీ నెట్టగానే ఎగిసిపడుతుంది. ఆ అతుకు వినపడకూడదు. వినపడకుండా ఉండాలంటే గాలి పూర్తిగా అయిపోక ముందే, ఇంకా కొంత మిగిలి ఉండగానే తిత్తిని తెరవాలి. మూడు వారాల తరువాత నా అతుకులు వినపడటం తగ్గినప్పుడు అయ్యవారు అన్నారు: "ఇదే నీ ఊపిరి కూడా. అంతా అయిపోయినంక పీల్చుకుంటే రొప్పు వినపడుతుంది. ఇంకా ఉన్నప్పుడే తీసుకోవల్ల." పాడటం గురించి నేను నేర్చుకున్న మొదటి మాట అది. పాట రాయడం గురించి కూడా అదే మొదటి మాట అని నాకు మరో ఏడాదికి గాని అర్థం కాలేదు.

తరువాత షడ్జం, అంటే ఆధార స్వరమైన స, పట్టడం. నా గొంతుకు ఐదున్నర శృతి కుదిరింది. ఆడవారిలో చాలామందికి ఐదుకూ ఆరుకూ నడుమనే కుదురుతుంది. ఐదున్నర అంటే సెకనుకు సుమారు 208 కంపనాలు. పెట్టె ఆ స్వరం ఇస్తూ ఉంటే నేను గొంతు కలపాలి. గొంతు సరిగా కలవనప్పుడు రెండు ధ్వనుల మధ్య ఒక ఊగిసలాట వినిపిస్తుంది, చెవిలో చిన్న అలలు కొట్టుకున్నట్టుగా. లెక్కల టీచరును కనుక నాకు ఇది పట్టుకొమ్మ అయింది: పెట్టె 208 దగ్గర, నా గొంతు 205 దగ్గర ఉంటే సెకనుకు మూడు అలలు వస్తాయి, 207కు చేరితే ఒక్కటే, కలిసిపోతే అల ఉండదు. చిన్నప్పుడు నాకు శృతి లేదన్నారు. శృతి ఎక్కడ ఉందో వినడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. అలలు ఆగేదాకా గొంతును కొద్దికొద్దిగా జరుపుతూ వెళ్ళడమే ఆ పని అని తెలిసిన తరువాత రోజూ తెల్లవారుజామున అరగంట అదే చేశాను. ఒక ఉదయం, పెట్టె ధ్వని నా గొంతులోకి వచ్చిందో, నా గొంతు పెట్టెలోకి వెళ్ళిందో తెలియని ఒక్క క్షణం వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడింది. ఏమీ అనలేదు.

ఆ పైన అందరూ నేర్చుకునే దారిలోనే నడిచాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మూడు కాలాలలో (వేగాలలో), జంట స్వరాలు, హెచ్చు స్థాయి, సప్త తాళాల అలంకారాలు, పిల్లారి గీతాలు. పిల్లల నడుమ కూర్చుని నేర్చుకోవడం నాకు ఇబ్బంది కాలేదు, వారిని రోజంతా చూసే మనిషినే గదా. సాధనకు వేళ దొరకడమే కష్టమైంది. అలాంటి రోజుల్లో మా ఊళ్ళోనే ఉండిన శ్రీపాద పినాకపాణి గారిని తలుచుకునేదాన్ని. ఆయన వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు. ఆ ఉద్యోగం చేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటివారికి సంగీతం చెప్పి, 1983లో సంగీత కళానిధి బిరుదు పొంది, నూరేళ్ళకు కొద్ది నెలల ముందు 2013 మార్చి 11న ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. వార్డులో రోగులను చూసి వచ్చిన మనిషి రాత్రి రాగం చెప్పగలిగితే, ముప్పై ఆరు కాపీలు దిద్ది వచ్చిన నేను అరగంట కూర్చోలేనా అని నన్ను నేను అడుగుకునేదాన్ని.

హార్మోనియంతో కర్ణాటక సంగీతం నేర్చుకోవడం ఏమిటని కొందరు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఈ పెట్టె స్థాయిని 12 సమాన భాగాలుగా కోస్తుంది. పంచమం దాదాపు సరిగానే వస్తుంది, కాని అంతర గాంధారం షడ్జానికి 1.25 రెట్లు ఉండవలసిన చోట ఇందులో 1.26 ఉంటుంది. పైగా ఒక మెట్టుకూ మరో మెట్టుకూ నడుమ జారే దారి లేదు, గమకం పలకదు. ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు హార్మోనియాన్ని లోపలికి రానివ్వకపోవడానికి ఈ లోపాలే ప్రధానంగా చెప్పారు. అయ్యవారు దీనిని కాదనరు. "మెట్టు చూపేదానికే పెట్టె. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉండేది నీ గొంతే చేయల్ల" అంటారు. ఆ పెట్టె నాకు మరొకటి కూడా ఇచ్చింది. స్వరాలు కంటికి కనపడటం. ఐదు నల్ల మెట్లను చూపి ఆయన ఒక రోజు నాకు ఒక విషయం చెప్పారు. నాలుగున్నర శృతి మెట్టును షడ్జంగా పెట్టుకుని ఆ ఐదు నల్ల మెట్లే వాయిస్తే మోహన పలుకుతుంది. ఏ మెట్టూ మార్చకుండా, షడ్జాన్ని మాత్రం పక్క నల్ల మెట్టైన ఐదున్నరకు జరిపితే అవే ఐదు మెట్లు మధ్యమావతి అవుతాయి. అక్కడి నుండి మరొకటి జరిపితే శుద్ధ ధన్యాసి, ఇంకొకటి జరిపితే శుద్ధ సావేరి, ఇంకొకటి జరిపితే హిందోళం. ఐదు మెట్లు, ఐదు రాగాలు. దీన్నే గ్రహభేదం అంటారు. ఆ మాటను పుస్తకంలో చదివి ఉంటే ఒక నిర్వచనంగా మిగిలిపోయేది. వేళ్ళ కింద జరిగింది కనుక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గొంతు శృతి ఐదున్నరే కనుక, నేను పాడితే నల్ల మెట్లన్నీ నాకు మధ్యమావతి.

ఏడాది గడిచిన తరువాత అయ్యవారు నోటుబుక్కు తెమ్మన్నారు.

అందులో నాకు అన్నిటికంటె ఇష్టమైనది వజ్రాల వేట మీద రాసినది. మా జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వానలు పడగానే జనం చేలలోకి వస్తారు. వాన మట్టిని కడిగి పైకి తేల్చిన రాళ్ళలో వజ్రం కనపడుతుందేమోనని, పొద్దున్నుండి పొద్దుపోయే దాకా తల వంచుకుని నడుస్తారు. దొరికినవారి వార్తలు పత్రికల్లో వస్తాయి. దొరకనివారు తరువాతి వానకు మళ్ళీ వస్తారు. ఒకసారి బస్సులోంచి ఆ దృశ్యాన్ని చూశాను. చేను నిండా వంగిన వీపులు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ వంగినవారిలో ఒక ఆడమనిషి నేలతో మాట్లాడుతున్నట్టుగా ఊహించి రాసిన పల్లవి ఇది:

తొలివానల్లో తడిసిన భూమిలో
రత్నాన్ని వెతుకుతున్నాను

ఇది చదివితే బాగానే ఉంటుందని నా నమ్మకం. అయ్యవారు ఆదితాళం వేస్తూ పాడమన్నారు. తాళంలో లఘువు అనే భాగానికి నాలుగు, ద్రుతాలనే రెండు భాగాలకు రెండేసి, మొత్తం ఎనిమిది అక్షరాలు (తాళపు లెక్కలు). మాత్ర అంటే ఒక పొట్టి అచ్చు పలికేంత సేపు. అక్షరానికి రెండు మాత్రల లెక్కన పంక్తికి 16 మాత్రలు. పాడటం మొదలుపెట్టగానే "భూమిలో" చివరి "లో" తాళాన్ని దాటి బయటికి వచ్చింది, రెండవ పంక్తి మధ్యలోనే అయిపోయి ఖాళీగా నిలబడింది. ఇంటికి వచ్చి ఛందస్సులోని లఘువు గురువుల లెక్క వేస్తే మొదటి పంక్తికి 17 మాత్రలు, రెండవదానికి 13. ఛందస్సును పదవ తరగతిలో మార్కుల కోసం చదివిన నాకు, ఆ గణాల లెక్క ఒక మనిషి గొంతు తాళంలో పట్టడానికి పుట్టిందని మొదటిసారి తెలిసింది.

మాత్రలు సరిచేయడం సులువు, నాకు లెక్కలే గదా వృత్తి. సరిచేసి తీసుకువెళ్ళిన దానిలోనూ "వెతుకు" అనే మాట ఉంది. బాణీలో స్వరం నిలవవలసిన చోట ఆ మాట పడింది. పాడితే "వెతూకు" అని వచ్చింది. అయ్యవారు చేయి ఆపారు. "ఏమంటివి? మళ్ళీ పాడు." పాడాను. "అది తెలుగు మాటేనా టీచరమ్మా? గొంతు సాగేచోట మాటలో దీర్ఘం ఉండల్ల. పొట్టి అచ్చును పట్టి లాగితే మాట చచ్చిపోతుంది." "రత్నాన్ని" దగ్గర ఇంకొక ఇబ్బంది. సంయుక్తాక్షరం, దాని పక్కనే ద్విత్వాక్షరం పడి, నాలుక మెలిక తిరిగే లోపల స్వరం గడిచిపోయింది. కాగితం మీద కంటికి అందంగా కనపడిన మాట గొంతులో ముల్లులా అడ్డం పడింది.

ఆ సాయంత్రం నుండి నేను మాటలను వేరే విధంగా వినసాగాను. మన మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి కనుక పదం చివరి అచ్చును సాగదీస్తే చెవి ఒప్పుకుంటుంది. పొలం గట్టు మీద నుండి పిలిచేవారు "ఓ రామూ" అని సాగదీయడంలో చేసేది అదే. పదం నడుమ ఉన్న హ్రస్వాన్ని సాగదీస్తే అదే చెవి ఒప్పుకోదు. అందుకని పాట రాసేటప్పుడు బాణీ ఎక్కడ నిలుస్తుందో ముందే తెలిసి ఉండాలి, ఆ చోట దీర్ఘమో పదాంతమో పడాలి. ఊపిరి తీసుకునే చోట పదం విరగకూడదు. ఈ రెండు సంగతులూ పాడనివారికి పుస్తకం చెప్పగలదు గాని, తప్పు చేసినప్పుడు గొంతు చెప్పినట్టుగా చెప్పలేదు.

మూడు నెలలు పట్టి ఆ పల్లవి ఇలా అయింది:

తొలకరి జల్లుకు తడిసిన నేలా
తళతళ రాయిని దాచావేలా

"తొలకరి జల్లుకు" అనేదానికి ఎనిమిది మాత్రలు, తాళంలోని లఘువు నిండుతుంది. "తడిసిన" మొదటి ద్రుతానికి, "నేలా" రెండవ ద్రుతానికి సరిపోతాయి. "జల్లుకు" తరువాత పదం ముగిసింది కనుక అక్కడ ఒక చిన్న ఊపిరి పడుతుంది. "నేలా" రెండూ దీర్ఘాలే కనుక గొంతు పంచమం మీద హాయిగా నిలుస్తుంది. తొలకరి, తళతళ అనే మాటల రెండవ అక్షరాలకు ల, ళ ప్రాస కుదిరింది. మధ్యమావతిలో, పెట్టె మీద వెతికి వెతికి పట్టుకున్న స్వరాలు ఇవి: తొలకరి దగ్గర ని స రి రి, జల్లుకు దగ్గర మా రి స, తడిసిన దగ్గర ని స రి మ, నేలా దగ్గర పా పా. మంద్ర నిషాదం నుండి మొదలుపెట్టడం అయ్యవారి సలహా. వంగిన మనిషి మాట్లాడుతోంది కనుక పాట కింది నుండే లేవాలని ఆయన అన్నారు.

"దాచావేలా" దగ్గర మేమిద్దరమూ రెండు వారాలు ఆగిపోయాము. నేను మొదట "దాచితివేలా" అని రాశాను. మాత్రలు ఎనిమిదే, తాళానికి ఇబ్బంది లేదు. కాని ఆ ఆడమనిషి నోట ఆ మాట రాదు. మా వైపు "దాచినావు" అంటారు. అది పెడితే "దాచినావేలా" తొమ్మిది మాత్రలై తాళం తప్పుతుంది. చివరికి "దాచావేలా" దగ్గర కుదుటపడ్డాము. నాలుగూ దీర్ఘాలే. మా రీ నీ సా అని నాలుగు నిలకడ స్వరాలు. ప్రశ్న అడిగి జవాబు కోసం నిలబడినట్టుగా ఉంటుంది. ఆ ఊరి యాస పోయిందనే బాధ నాకు ఇంకా ఉంది.

ఈ పని చేస్తున్న రోజుల్లోనే తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల సంగతి నాకు కొత్తగా కనపడింది. ఆయన మా పక్కనున్న కడప సీమవారు, 1408లో పుట్టి 1503 వరకు జీవించారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద ఆయన పదాలు ఉన్నాయి, ఒక్కొక్కదానికి రాగం పేరు ఉంది, కాని స్వరాలు లేవు. ఆయన ఏ బాణీలో పాడారో ఆ గాలితోనే పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వాటిలో చాలావాటికి మళ్ళీ స్వరాలు కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో మా పొరుగు అనంతపురం జిల్లాలోనే పుట్టారు. తెలుగు చదువులోనూ సంగీతంలోనూ సమానంగా నిలిచిన మనిషి. ఇదివరకు ఈ మాట విన్నప్పుడు పాత బాణీ పోవడం ఒక్కటే నాకు నష్టంగా తోచేది. ఇప్పుడు ఆ పదాలను తాళం వేస్తూ చదివితే, ఎక్కడ గొంతు నిలవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మాటల అల్లికలోనే గుర్తులు ఉన్నట్టుగా తోస్తుంది. స్వరాలు పోయినా ఊపిరి అచ్చుల్లో మిగిలింది. శర్మగారి వంటివారు ఆ ఊపిరి జాడ పట్టుకునే నడిచి ఉంటారని నేను అనుకుంటాను. ఇది నా ఊహ మాత్రమే.

నాన్న సంగతి అయ్యవారు కొద్దికొద్దిగా చెప్తూ వచ్చారు. పద్యం పాడే నటుడు చివరి పాదం మీద రాగం తీసి, ఊపిరి అయిపోయి ఆగినప్పుడు, ప్రేక్షకులకు ఆ ఖాళీ తెలియకూడదు. ఆ సందులో హార్మోనియం పలకాలి, నటుడు వదిలిన స్వరం మీదే మొదలుపెట్టి, అతడు అందుకోబోయే స్వరం దగ్గర ఆగాలి. ముందుగా వస్తే గొంతును మింగేస్తుంది, ఆలస్యమైతే నటుడు ఒంటరివాడవుతాడు. "మీ నాయన వాయిస్తా ఉంటే మాకు ఊపిరికి భయం ఉండేది కాదు" అన్నారు ఆయన ఒకరోజు. నేను తల వంచుకుని తిత్తి సర్దుకున్నాను.

చరణం పల్లవి కంటె తొందరగా వచ్చింది. అప్పటికి చేయి తిరిగింది:

నడుమును వంచీ నడచితినమ్మా
గడపను విడిచీ గడిచెను దినమూ
కొంగున మిగిలెను రంగుల రాళ్ళే
బంగరు తల్లీ పలుకవదేలా

పంక్తికి 16 మాత్రలు, పంక్తి చివర దీర్ఘాలు, జంట పంక్తులకు ప్రాస. "పలుకవదేలా" నుండి పల్లవిలోని "నేలా"కు తిరిగి వెళ్ళే దారి ఉంది. ఇది పూర్తయిన రోజున నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. నోటుబుక్కులోని పాత పాటలను ఒక్కొక్కటిగా తాళంలో పెట్టి చూస్తున్నాను. ఎక్కువ భాగం నిలవడం లేదు. నిలవనివాటిని కవితలుగా ఉంచేశాను.

పోయిన ఏడాది ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పాఠశాలలో ఈ పాట పాడాను. పెట్టె నేనే వాయించుకున్నాను. ముప్పై ఏళ్ళ కిందట పెదవులు మాత్రం కదిపిన మనిషికి నాలుగు వందల మంది పిల్లల ముందు మొదటి నిషాదం అందుకోవడం ఎలా ఉంటుందో ఇక్కడ రాయలేను. గొంతు వణికింది. రెండవ ఆవర్తనానికి, అంటే తాళం రెండవ చుట్టుకు, కుదురుకుంది.

పాట అయిన తరువాత తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూము దగ్గరికి వచ్చింది. వాళ్ళది తుగ్గలి వైపు పల్లె, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ళ అమ్మ ఏటా రాళ్ళ కోసం పోతుందట. పాట బాగుందని చెప్పి, కొంతసేపు తటపటాయించి, ఒక మాట అడిగింది. "మేడమ్, గడిచెను దినము అన్నారు కదా. ఒక దినం కాదు మేడమ్. మా అమ్మ సద్ది కట్టుకుని పోతే వానలు పడే నాళ్ళన్నీ పోతానే ఉంటుంది. దూరం నుంచి వచ్చినోళ్ళయితే చెట్ల కిందనే ఉండిపోతారు."

ఆ రాత్రి కూర్చుని "గడిచెను దినములు" అని రాశాను. మాత్రలు సరిపోయాయి, "దినమూ"కు నాలుగు, "దినములు"కు నాలుగు. అర్థమూ ఆ అమ్మాయి చెప్పినట్టుగా కుదిరింది. కాని బాణీలో ఆ చోట రిషభం మీద గొంతు నిలవాలి, "మూ" అనే దీర్ఘం కోసమే ఆ నిలకడ కట్టుకున్నాను. ఇప్పుడు అక్కడ "లు" ఉంది. సాగదీస్తే ఆ పంక్తి మెత్తబడిపోతోంది, సాగదీయకపోతే ఆవర్తనం చివర ఖాళీ మిగులుతోంది. నెలరోజులు రకరకాలుగా పాడి చూసి, ఏదీ కుదరక, అయ్యవారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన రెండుసార్లు పాడించుకున్నారు. మాట మార్చమంటారేమోనని భయపడ్డాను.

"మాట ఉండనీ. లు దగ్గర గొంతు నిలిపేయి. ఊపిరి తీసుకో. మిగిలింది పెట్టె చూసుకుంటుంది" అన్నారు.

"దినములు" అని పొట్టిగా ఆపి, కుడి చేతి వేలిని రిషభం మీద ఉంచి, తిత్తిని మెల్లగా నెట్టాను. నేను ఊపిరి పీల్చుకునేంత సేపూ రిషభం పలుకుతూనే ఉంది. "కొంగున" అని అందుకునే స్వరం దగ్గర వేలు తీశాను.